ప్లేఫుల్ అంటే తిట్టు కాదు

ప్లేఫుల్ అంటే తెలుగులో ఏమనాలి, ఎక్కడ వాడాలి అని అడిగారు. డిక్షనరీ మీరు చూసే ఉంటారు. ఆ ఒక్క మాటకు నేను నా కొడుకును ఏడిపించాను, అందుకే రాస్తున్నా.

మాది నల్గొండ. మావాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర ఇంకుతో 'వెరీ ప్లేఫుల్ ఇన్ క్లాస్' అని రాసి పంపారు. అది చూసి గట్టిగా అరిచాను, వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. ఏం రాసిండ్రని మా అమ్మ అడిగితే, క్లాసులో ఆటలాడుతున్నాడట అని చెప్పాను. "ఎనిమిదేండ్ల పోరడు ఆడకపోతే నువ్వు ఆడుతవారా?" అంది.

ఆ ఆదివారం పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి పోయాం. గర్భగుడిలో పొద్దంతా కదలకుండా స్తంభం లాంటి నీడ ఒకటి పడుతుంది, ఇక్కడివాళ్లకు తెలిసిందే. మేం దండం పెట్టుకుని పక్కకు వచ్చి కూర్చున్నాం, వాడు మాత్రం మంటపంలో ఒక్కో స్తంభాన్ని వాటేసుకుని "నీడ నీదేనా, నీదేనా" అని అడుగుతూ, మళ్లీ ఉరికి లోపలికి తొంగిచూస్తూ అరగంట తిరిగాడు. చివరికి వచ్చి "నాన్నా, ఇది ఏ ఒక్కదానిదీ కాదు" అన్నాడు. స్తంభాలు పేర్చిన తీరు వల్ల, వాటి సందుల్లోంచి వచ్చే వెలుతురు వల్ల ఆ నీడ ఏర్పడుతుందని పెద్దలు చెబుతారు. వీడు ఆడుతూ ఆడుతూ సగం దాకా వచ్చేశాడు. ప్లేఫుల్ అంటే నా లెక్కలో అదే.

ఇంగ్లీషులో ఇది ముద్దు మాట. గంతులేసే కుక్కపిల్ల ప్లేఫుల్. వదిన మరిదిని ఆటపట్టిస్తే ఆ గొంతు ప్లేఫుల్, అక్కడ చిలిపి అనో సరదా అనో అంటే సరిపోతుంది. పక్కవాడి పెన్సిల్ దాచేవాడిని మిస్చివస్ అనాలి, అంటే కొంటె, తుంటరి (దాన్ని చాలామంది మిస్చీవియస్ అని పలుకుతారు, తప్పు). నాటీ అన్నది చిన్నపిల్లల వరకే ఉంచండి, పెద్దవాళ్లను అంటే అర్థం ఎటో పోతుంది, ఆఫీసు మెయిల్‌లో అసలే రాయొద్దు. మన స్కూళ్లే ప్లేఫుల్‌ను పట్టుకొచ్చి చదువు మీద ధ్యాస లేదు అనే అర్థానికి అంటగట్టాయి. ఆటకాయితనం వేరు, ఇది వేరు. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే కార్డులో ఉండేదే ఒక్క లైను, అదైనా చూసి రాయాలి కదా!

తర్వాతి పేరెంట్స్ మీటింగులో టీచర్‌నే అడిగాను, ఏం చేస్తాడు మేడం అని. నోట్సు రాస్తూ రాస్తూ మధ్యలో ఆపి కిటికీలోంచి బయటికి చూస్తాడు, సగమే రాస్తాడు అంది. "అదే రాయండి మేడం, తెలుగులో రాసినా సరే, ఇంటి దగ్గర పక్కన కూర్చుని రాయిస్తా" అన్నాను.