తూఫాన్ రిపోర్టులో ఎర్ర గుర్తు

ప్రశ్న: డాక్టరు గారూ, మా ఇంట్లో తూఫాన్ అనే మగ గ్రేహౌండ్ ఉంది. పదేళ్లు నిండాయి. మా మరిది లూధియానాలో ఉద్యోగం చేసేటప్పుడు చిన్న పిల్లగా తెచ్చిచ్చాడు. ఏటా చేయించే రక్తపరీక్షలో ఈసారి క్రియాటినిన్ 1.7 వచ్చింది. ల్యాబు వాళ్ల హద్దు 1.4 అట, పక్కన ఎర్రగా గుర్తు పెట్టారు. కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని, మాంసం, గుడ్లు మానేయమని ఇక్కడి డాక్టరు చెప్పారు. మూడు వారాలుగా పెరుగన్నమే పెడుతున్నాం. 32 కిలోలు ఉండేవాడు 30కి దిగాడు. మొన్న రాత్రి నిద్రలోనే పరుపు తడిపాడు. అప్పటినుంచి సాయంత్రం ఆరు దాటితే నీళ్ల గిన్నె తీసేస్తున్నాం. తిండి ఏం పెట్టాలి? పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయించాలి?
– ఒక రిటైర్డ్ టీచరు, హన్మకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ నీళ్ల గిన్నె మళ్లీ పెట్టేయండి. ఈ రాత్రే. కిడ్నీ నిజంగా బలహీనపడి ఉంటే నీళ్లు ఆపడం కంటే చెడ్డ పని ఇంకోటి లేదు. పరుపుకి ప్లాస్టిక్ షీటు వేసుకోవచ్చు.

గ్రేహౌండ్స్ అంటే మన దగ్గర అడవుల్లో తిరిగే పోలీసు దళమే గుర్తుకొస్తుంది. ఆ పేరుగల కుక్కను దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. ల్యాబులో మిషనుకీ అంతే, తూఫానూ ఒకటే, వీధిలో లాబ్రడారూ ఒకటే. క్రియాటినిన్ కండలో రోజూ పుట్టే వ్యర్థం. పరుగు కోసం పెంచిన ఈ జాతికి ఒంటినిండా కండే. అందుకే నిక్షేపంలా ఉన్న గ్రేహౌండ్‌కి కూడా 1.6, 1.8 వస్తుంటుంది. మీ డాక్టరుగారిని తప్పుపట్టను. వేరే కుక్కకి 1.7 వస్తే నేనూ అనుమానిస్తాను. నా సర్వీసు చాలా భాగం గేదెలు, ఆవులతోనే గడిచింది. పట్నానికి బదిలీ అయ్యాక నా దగ్గరకొచ్చిన మొదటి గ్రేహౌండ్‌కి నేనూ ఇలాగే మాంసం మాన్పించాను. రెండు నెలలకి దాని తొడలు కర్రపుల్లల్లా అయ్యాయి. మళ్లీ పరీక్షిస్తే క్రియాటినిన్ 1.3! నేనూ, ఆ ఇంటివాళ్లూ తెగ సంతోషించాం. అంకె తగ్గింది కిడ్నీ బాగుపడి కాదు, కండ కరిగిపోయి. అది తెలిసేసరికి ఆలస్యమైంది. తూఫాన్ తగ్గిన రెండు కిలోలు నాకు ఆ కుక్కనే గుర్తుచేస్తున్నాయి.

కాబట్టి మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది 1.7 కాదు, తడిసిన పరుపు. అది కిడ్నీ వల్ల కావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, షుగర్ కావచ్చు, మూడు వారాల నీళ్లలాంటి పెరుగన్నం కూడా కావచ్చు. మాంసకృత్తులు తగ్గితే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కిడ్నీకి కొంత తగ్గుతుంది. తేల్చేది మూత్రపరీక్షే. రక్తం తీయించినవాళ్లు మూత్రం సంగతి మర్చిపోవడం మామూలే.

ముందు వారం పది రోజులు పాత తిండి కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. ఉడికించిన చికెన్, గుడ్డు, అన్నం, ఉప్పు లేకుండా. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే, తిండి పెట్టకముందు, పొడుగు కాడ గరిటె కడిగి ఆరబెట్టి బయటికి తీసుకెళ్లండి. కాలెత్తగానే వెనకనుంచి మెల్లగా గరిటె పెట్టాలి. మొదటి రోజు వాడు ఆశ్చర్యంగా చూసి ఆపేస్తాడు, రెండో రోజు అలవాటు పడతాడు. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి. శుభ్రమైన సీసాలో పోసి గంటలోపు ల్యాబుకి ఇవ్వండి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, రిఫ్రాక్టోమీటరు అనే చిన్న పరికరంతో చూడమని గట్టిగా అడగండి, స్ట్రిప్‌తో చూసిన అంకె నమ్మలేం. 1.030 దాటితే కిడ్నీ పని చేస్తున్నట్టే. 1.008 నుంచి 1.012 మధ్యే మళ్లీమళ్లీ వస్తే అప్పుడు భయపడదాం. యూపీసీ కూడా రాయించండి, అంటే మూత్రంలో ప్రొటీన్ లెక్క. 0.2 లోపు మంచిది, 0.5 దాటితే ఇంకోసారి చూడాలి. మన దగ్గర పిడుదుల జ్వరం వచ్చిపోయిన కుక్కల్లో ఇది పెరుగుతుంది, కాబట్టి ఆ చరిత్ర ఉంటే చెప్పండి. కిడ్నీ పనితీరుకే ఎస్‌డీఎంఏ అని ఇంకో రక్తపరీక్ష ఉంది, కండతో దానికి పెద్దగా పని లేదు. గ్రేహౌండ్‌కి అదీ ఒక పిసరు ఎక్కువే ఉంటుందని మాత్రం మీ డాక్టరుగారికి గుర్తుచేయండి.

ఇంట్లో చూసుకోవాల్సినవి తక్కువే. లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోయండి, మిగిలినదాన్ని పోసినదాంట్లోంచి తీసివేసి ఎంత తాగాడో లెక్క రాయండి, గిన్నె మాత్రం తీయొద్దు. 30 కిలోల కుక్క రోజుకి మూడు లీటర్లు దాటి తాగుతుంటే నాకు చెప్పండి. ఎండాకాలంలో కొంత ఎక్కువే తాగుతుంది. బరువు నెలకోసారి, కిరాణా కొట్టులో బస్తాలు తూచే కాటా మీద. బీపీ చూసేటప్పుడు మీరు పక్కనే కూర్చోండి. ఈ జాతికి ఆసుపత్రి మెట్లెక్కగానే బీపీ ఎగబాకుతుంది, మొదటి లెక్క వదిలేసి నాలుగైదు సార్లు చూడమనండి.

రక్తపరీక్ష నెల తర్వాత ఒకసారి, బాగుంటే ఆర్నెల్లకోసారి. అదే ల్యాబు, ఖాళీ కడుపు (నీళ్లు మాత్రం పెట్టాలి). పొద్దున్నే కోడికూర తిని వెళితే క్రియాటినిన్ ఇంకా పైకి పోతుంది. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, కూడా చూడండి. గ్రేహౌండ్‌కి 50 పైన ఉండటం మామూలు. ల్యాబు కాగితం మీద 40 ‘నార్మల్’ అనే ఉంటుంది, తూఫాన్‌కి మాత్రం అది రక్తం తగ్గినట్టు. కిడ్నీ జబ్బు ముదిరితే రక్తం తగ్గుతుంది, అందుకే ఇంత చెబుతున్నాను.

మోకాళ్ల నొప్పులకి మీ ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ బిళ్లలు పొరపాటున కూడా వేయకండి. పాయసంలో కిస్‌మిస్ కూడా కుక్క కిడ్నీకి పనికిరాదు, పండగ రోజు మనవళ్లకి ముందే చెప్పండి. వాంతులు, నోటి దుర్వాసన, తిండి మానడం, మూత్రం ఆగడం, వీటిలో ఏది కనిపించినా ఉత్తరాలు రాయకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఏటా పరీక్షలు చేయించామన్నారు కదా, ఆ పాత కాగితాలు బీరువాలోనో, స్కూలు ఫైళ్లలోనో ఉంటాయి, వెతకండి. వాడికి ఆరేళ్లప్పుడు క్రియాటినిన్ 1.6 ఉంటే ఈ 1.7 నాకు లెక్కలోదే కాదు. 1.1 ఉంటే మాత్రం వెంటనే నాకు రాయండి.