కేస్ షీటు అడిగేటప్పుడు

హనుమకొండ

చిరంజీవి స్వప్నకు మామయ్య ఆశీస్సులు.

బావ లేచి నాలుగడుగులు వేస్తున్నారని చదివి మనసు కుదుటపడింది. హైదరాబాద్ నిమ్స్‌లో మరో డాక్టరుకు చూపించాలన్న నీ ఆలోచన సరైనదే. కేస్ షీటు, అంటే చేరిన రోజు నుంచి డాక్టర్లు, నర్సులు రాసిన కాగితాలన్నీ, అడిగితే ఆస్పత్రివాళ్లు "డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాం కదా, ఇంకేం కావాలి" అన్నారని రాశావు. నువ్వు పంపిన ఫొటో చూశాను. కడుపు ఆపరేషన్ జరిగిందని అందులో ఉంది, ఎలా జరిగిందో లేదు. లోపల ఏం కనిపించింది, ఏం తీశారు, ఏం వదిలేశారు అన్నదే హైదరాబాద్ డాక్టరు మొదట అడుగుతాడు. అది సమ్మరీలో ఉండదు, కేస్ షీటులో ఉంటుంది.

ప్రభుత్వ ఆస్పత్రి రికార్డు సెక్షన్‌లోనే నా ఉద్యోగమంతా గడిచింది. నోటిమాటగా అడిగితే కాగితం దొరకడం అరుదమ్మా. కౌంటరులో కూర్చున్న అమ్మాయికి ఇచ్చే అధికారం లేదు, ఇవ్వనని చెప్పే అధికారమూ లేదు. ఉన్న రెండింటిలో "లేదు" అనడమే ఆమెకు సులువు. కాబట్టి రాసి ఇవ్వు.

నీ వెనుక ఉన్న నియమం ఇది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం, ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గానీ, అతను అధికారం ఇచ్చిన సహాయకుడు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆ రూలు మారిపోయిందని ఎవరైనా అంటే నమ్మవద్దు. 2023 ఆగస్టులో కొత్త నియమావళి వచ్చిన మాట నిజమే, కానీ అదే నెలలో దాన్ని నిలిపివేసి పాతదాన్నే అమలులో ఉంచారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఇదే ఉంది: ఆస్పత్రిలో ఉండగా అడిగితే 24 గంటలు, డిశ్చార్జి తర్వాత అయితే 72 గంటలు. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు రాసింది.

చాలామంది గమనించని సంగతి ఒకటి చెబుతాను. 2002 నియమావళి కట్టడి చేసేది డాక్టరును, భవనాన్ని కాదు. కాబట్టి నీ ఉత్తరం సూపరింటెండెంటుతో పాటు ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు మీద కూడా ఉండాలి. తన పేరు చూసుకున్న డాక్టరు రికార్డు రూముకు తానే ఫోను చేస్తాడు.

రెండోది, సంతకం. నువ్వు కూతురివే కావచ్చు, రికార్డు బావది. ఆయన స్పృహలో ఉన్నారు, సంతకం చేయగలరు. దరఖాస్తు ఆయన పేరుతోనే రాసి, "నా తరఫున నా కుమార్తె తీసుకుంటుంది" అని ఒక వాక్యం చేర్చి, ఇద్దరి ఆధార్ జిరాక్సులు జతచెయ్యి. ఈ ఒక్కటి లేకపోతే వెనక్కి పంపడానికి వాళ్ల చేతికి నువ్వే సాకు ఇచ్చినట్టు.

రాయడం ఇలా: "నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆస్పత్రిలో ఐ.పి. నంబరు ఫలానాతో చికిత్స పొందాను. తదుపరి చికిత్స కోసం నా పూర్తి కేస్ షీటు నకలు కావాలి. అందులో చేరినప్పటి నోట్సు, రోజువారీ డాక్టరు నోట్సు, నర్సుల చార్టులు, ఆపరేషన్ నోట్సు, మత్తుమందు రికార్డు, అంగీకార పత్రాలు, అన్ని పరీక్షల రిపోర్టులు ఉండాలి. 2002 నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇప్పించగలరు. నకళ్ల ఖర్చు చెల్లిస్తాను." ఇంతే. "పూర్తి రికార్డు" అని ఊరుకుంటే మళ్లీ ఆ సమ్మరీయే ఇంకో ముద్ర వేసి ఇస్తారు, అందుకే ఒక్కొక్క కాగితం పేరు రాయాలి. ఐ.పి. నంబరు అంటే ఆస్పత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబరు, బిల్లు మీద ఉంటుంది.

రెండు ప్రతులు తీసుకెళ్లు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకో. వాళ్లు వేయడానికి ఒప్పుకోకపోతే గొడవపడకుండా బయటికి వచ్చి అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. 72 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో ఆ రసీదే చెబుతుంది.

మొదటిరోజే కేసు మాట ఎత్తకు. వాళ్ల భయమంతా అదే, నువ్వు లాయరు కోసం అడుగుతున్నావని. నిమ్స్ అపాయింట్‌మెంటు కాగితం చూపించు. అలాగని ఆలస్యమూ చేయకు. డిశ్చార్జి అయ్యాక ఖాళీ గడులు నింపే అలవాటు కొన్నిచోట్ల ఉంది, తొందరగా అడిగిన రికార్డే అసలుకు దగ్గరగా ఉంటుంది. చేతికిచ్చిన నకళ్లలో పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకో.

గడువు దాటినా కదలకపోతే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఫిర్యాదు, డాక్టరు మీద తెలంగాణ వైద్య మండలికి ఫిర్యాదు. ఆ తర్వాతే జిల్లా వినియోగదారుల కమిషన్. దానికి రెండేళ్ల గడువు ఉంది, హడావుడి వద్దు. నా అనుభవంలో వైద్య మండలి పేరున్న ఉత్తరం నకలు పంపేసరికే కాగితాలు బయటికి వస్తాయి.

నువ్వు అడిగిన ఇంకో మాట, ఎం.జి.ఎం.లో అత్తమ్మ రికార్డు. అది ప్రభుత్వ ఆస్పత్రి కనుక సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. 30 రోజుల గడువు, పది రూపాయల రుసుము, ఆమె సంతకం. కానీ మూడేళ్లు దాటిన రికార్డు ఉంటుందన్న హామీ లేదు, కాబట్టి ముందు ఇంట్లో ఉన్న సంచులన్నీ వెతుకు. ఆభా నంబరు, అదే ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు, తీసుకుంటే సరిపోతుందా అన్నావు. పద్నాలుగు అంకెలు తీసుకో, నష్టం లేదు, అయితే పాత కేస్ షీటు దానంతట అదే అందులోకి రాదు.

ఇక కాగితం కానివి. ఈ.సి.జి. పట్టీ వేడికి అచ్చయ్యే కాగితం మీద ఉంటుంది, కొన్నాళ్లకు వెలిసిపోతుంది. ఈ రోజే జిరాక్సు తీయించు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను బయాప్సీకి పంపారు కదా. రిపోర్టు ఒక్కటే చాలదు, గాజు స్లైడ్లు, ఆ ముక్కను పొదిగి ఉంచిన మైనపు బ్లాకు కూడా అడుగు. పెద్ద ఆస్పత్రుల్లో వాటిని మళ్లీ స్వయంగా చూసుకుంటారు. సంతకం పెట్టి తీసుకుని, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకో, బస్సులో పైన అరలో మాత్రం వద్దు. సి.టి. స్కాన్ ఫిలింతో పాటు సీడీ కూడా తీసుకో, అక్కడి కంప్యూటర్‌లోనే తెరిపించి బావ పేరు, తేదీ కనిపించాయా చూసుకున్నాకే గడప దాటు.

మీ మామయ్య