ఎంఎస్ ఉన్నవాళ్ళ కోసం విశాఖ నుంచి సైకిల్ యాత్ర చేస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇదీ: మీ చెల్లికి పోయినేడు మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు ఉందని తేలింది, మీకు సైకిల్ తొక్కే అలవాటుంది, విశాఖ నుంచి హైదరాబాద్ దాకా తొక్కి ఎంఎస్ ఉన్నవాళ్ళ కోసం విరాళాలు పోగుచేద్దామనుకుంటున్నారు, ఇంట్లోవాళ్ళు మాత్రం దీనివల్ల ఒరిగేదేముంది అంటున్నారు.

ఒరుగుతుందండీ, చాలా ఒరుగుతుంది. మా అక్కకి ఎంఎస్ ఉంది. అక్క కోసం మొదలుపెట్టి కొన్నేళ్ళుగా మేం స్నేహితులం కలిసి విశాఖ నుంచి భీమిలికి, అరకుకి, ఒకసారి రాజమండ్రికి ఈ పని మీదే తొక్కుతున్నాం. అందుకని నాకు తెలిసింది మొత్తం రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

రూటు మ్యాపు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వచ్చిన డబ్బు ఎవరికి, దేనికి, ఎవరి చేతుల మీదుగా చేరుతుందో ముందు కాగితం మీద పెట్టండి. అది తేలేదాకా ఎవరినీ రూపాయి అడగొద్దు. ఎంఎస్ మందులు ఏళ్ళ తరబడి వాడాల్సినవి, ఖరీదైనవి. ఒక యాత్రలో పోగయ్యే డబ్బుతో ఎవరికైనా మందులు కొనిపెట్టడం మొదలుపెడితే కొన్ని నెలలకి అది అయిపోతుంది, అప్పుడు ఆ ఇంటివాళ్ళ పరిస్థితి ఏమిటి? అందుకే మేం మందుల జోలికి వెళ్ళలేదు. ఫిజియోథెరపీ ఫీజులు, చేతికర్రలు, వాకర్లు, ఎమ్మారై కోసం పార్వతీపురం, పాడేరు వైపు నుంచి సిటీకి వచ్చేవాళ్ళ దారి ఖర్చులు, బాత్రూం గోడకి బిగించే స్టీలు రాడ్లు, ఇలాంటివే పెట్టుకున్నాం.

రాడ్ల గురించి కొంచెం చెప్పాలి. గాజువాకలో ఒకామె ఇంటికి వెళ్ళాం. ఆమెకి కాళ్ళు పట్టు తప్పుతాయి, తడి నేల మీద ఒంటరిగా నిలబడలేదు. భర్త షిఫ్టు దిగి ఇంటికి వచ్చేదాకా స్నానం చేయకుండా కూర్చునేది, బి షిఫ్టు ఉన్న రోజున అది రాత్రి పదకొండు దాటేది. కుళాయి పక్కన ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి రాడ్లు బిగించి, ఒక ప్లాస్టిక్ స్టూలు వేశాం. ఖర్చు ఒక మంచి సైకిల్ టైరు ధర కన్నా తక్కువే. ఇప్పుడు ఆమె పొద్దున్నే తన పని తనే చూసుకుంటోంది. మీ ఇంట్లోవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

డబ్బు వ్యక్తిగత ఖాతాలోకి అసలు తీసుకోవద్దు, మీరెంత నిజాయితీపరులైనా సరే. మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా అని 1985 నుంచి పనిచేస్తున్న సంస్థ ఉంది, ముందు వాళ్ళతో మాట్లాడండి. లేదంటే మీకు బాగా తెలిసిన రిజిస్టర్డ్ ట్రస్టు ఏదైనా చూసుకోండి. 80జి రసీదు, అంటే ఆదాయపు పన్నులో మినహాయింపుకి పనికొచ్చే రసీదు వస్తుందా అని దాతలు కచ్చితంగా అడుగుతారు. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదని, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఎలాగూ వర్తించదని ముందే చెప్పేయండి, తర్వాత మాటలు పడక్కర్లేదు. ఇంకోటి, మన ఇళ్ళల్లో అమెరికాలో ఎవరో ఒకరు ఉంటారు కదా. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే మాత్రం అది విదేశీ విరాళం కిందకి వస్తుంది, తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి ఉండి తీరాలి. మన మేనమామే కదా అనుకుంటాం, చట్టం మాత్రం పాస్‌పోర్టునే చూస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ యాత్రకి తేదీ, టైము మన సెలవుల్ని బట్టి కాకుండా ఆ జబ్బుని బట్టి పెట్టుకోవాలి. మీకు తెలిసే ఉంటుంది, ఎంఎస్‌లో ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీది మైలిన్ పొరని దెబ్బతీస్తుంది. కరెంటు తీగ మీద తొడుగు ఊడినట్టు, సంకేతాలు సరిగ్గా పోవు. అక్కకి మొదట ఇబ్బంది వచ్చింది కంటికే. ఒక కన్ను కదిపితే నొప్పి, అద్దంలో చూసుకుంటే నుదుటి మీద కుంకుమ వెలిసిపోయినట్టు కనపడుతోందని అంది. రెండో కన్నుతో చూస్తే ఎర్రగానే ఉంది. అద్దాల షాపుకి వెళ్ళి కళ్ళజోడు మార్చుకుంది, ఫలితం లేదు. ఆ తర్వాత కొన్ని నెలలకి కాలు తిమ్మిరి, మెట్లు దిగుతుంటే తూలు, అప్పుడు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే ఎమ్మారైలో బయటపడింది. ఈ జబ్బు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది, ఆడవాళ్ళలో మగవాళ్ళకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం అన్నీ ఒకేసారి తలమీదున్న వయసులో వచ్చి పడుతుంది.

ఎంఎస్ ఉన్న చాలామందికి వేడి పడదు. ఒంటి ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా చూపు మసకబారడం, కాళ్ళు బరువెక్కడం జరుగుతాయి. ఒళ్ళు చల్లబడితే మళ్ళీ సర్దుకుంటుంది, దానివల్ల కొత్తగా నరాలు దెబ్బతినవు, కానీ ఆ కాసేపూ మనిషి నడిరోడ్డు మీద కూలబడిపోతుంది. విశాఖ ఉక్కపోత సంగతి నేను చెప్పాలా? ప్రపంచ ఎంఎస్ దినం మే 30న వస్తుంది, చాలామంది ఆ రోజే ర్యాలీ పెడదామంటారు. దయచేసి పెట్టొద్దు. ఆ రోజు ఏసీ హాలు తీసుకుని న్యూరాలజిస్టుతో మాట్లాడించండి, యాత్ర డిసెంబర్, జనవరిల్లో పెట్టుకోండి. జెండా ఊపడానికి ముఖ్య అతిథి కోసం ఎనిమిదింటిదాకా జనాన్ని నిలబెట్టే పని కూడా వద్దు. మా దాంట్లో తెల్లారకముందే ఎంఎస్ ఉన్నవాళ్ళలో ఒకరే జెండా ఊపుతారు, బయల్దేరిపోతాం.

హైదరాబాద్ సంగతికొస్తే, ఇక్కడి నుంచి రాజమండ్రి, విజయవాడ, సూర్యాపేట మీదుగా 600 కిలోమీటర్ల పైమాటే. తొక్కగలరు, కాదనను. కానీ మొదటి యాత్రకి నేను ఆ దారి చెప్పను. 16వ నంబరు జాతీయ రహదారి మీద అనకాపల్లి దాటాక లారీల జోరు, అడుగడుగునా ఎదురు దిశలో వచ్చే బైకులు, వారం సెలవు, వెంట బండి, డ్రైవరు, బస, ఇవన్నీ కలిపితే పోగయ్యే డబ్బులో పెద్ద ముక్క ఖర్చులకే పోతుంది. మా నియమం ఒకటే: యాత్ర ఖర్చు తొక్కేవాళ్ళం మా జేబులోంచి పెట్టుకుంటాం, విరాళంలోంచి ఒక్క అరటిపండు కూడా కొనం. హైదరాబాదే వెళ్ళాలని పట్టుదలగా ఉంటే ముందు 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడు) ఒకటి పదమూడున్నర గంటల్లో పూర్తి చేయండి, తర్వాత 300 చేయండి, మర్నాడు మళ్ళీ సీటు మీద కూర్చోగలుగుతున్నారో చూసుకోండి. వరసగా ఐదారు రోజులు తొక్కడానికి ఊపిరితోపాటు సీటు, నడుము, అరచేతులు అలవాటు పడాలి.

మొదటిసారికి రెండు దూరాలు పెట్టుకోమంటాను. ఒకటి ఆర్కే బీచ్ నుంచి భీమిలి, సుమారు 30 కిలోమీటర్లు. జోడుగుళ్ళపాలెం, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా ఎత్తుపల్లాలు ఉన్నా కొత్తవాళ్ళు కూడా తొక్కేస్తారు, ఎక్కడ ఆగాలన్నా ఆటో దొరుకుతుంది. ఎంఎస్ ఉన్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు, వయసు పైబడినవాళ్ళు దీన్లో కలుస్తారు. రెండోది గట్టివాళ్ళకి అరకు, సుమారు 115 కిలోమీటర్లు. కొత్తవలస, ఎస్.కోట దాకా హాయిగా వెళ్ళిపోతారు, బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ఎక్కుతూనే ఉంటారు. తెల్లారి నాలుగింటికి బయల్దేరి, ఎండ ముదరకముందే ఘాట్ మొదట్లో ఉండాలి. స్పేర్ ట్యూబులు, పంపు, ముందూ వెనకా లైట్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, పల్లీ చిక్కీలు తప్పనిసరి. దిగేటప్పుడు బ్రేకులు పట్టేసి ఉంచకుండా వదిలి వదిలి పట్టాలి, అనంతగిరి మలుపుల్లో పొగమంచు ఉంటే దిగి నడిపించుకోండి, సిగ్గేం లేదు.

అమెరికాలో నేషనల్ ఎంఎస్ సొసైటీవాళ్ళు 1980ల నుంచి ఇలాంటి యాత్రలు నడుపుతున్నారు. రెండు రోజుల్లో 150 మైళ్ళు, అంటే సుమారు 240 కిలోమీటర్లు, కాబట్టి ఎంఎస్ 150 అని పేరు పడింది. వాళ్ళ దగ్గర రెండు సంగతులు నేర్చుకోవచ్చు. తొక్కే ప్రతి మనిషీ కనీసం ఇంత పోగుచేస్తానని ముందే ఒప్పుకుని పేరిస్తాడు. ఎంఎస్ ఉండి కూడా తొక్కేవాళ్ళు తమకి ఎంఎస్ ఉందని రాసి ఉన్న జెర్సీ వేసుకుంటారు. రెండోది మాత్రం ఇక్కడ ఎవరినీ బలవంతపెట్టొద్దు. మన దగ్గర ఒక ఆడపిల్లకి ఈ జబ్బుందని తెలిస్తే సంబంధాల దగ్గర, ఆఫీసులో ఏం జరుగుతుందో తెలుసు కదా. అక్క పనిచేసిన ఒక చోట, విషయం తెలిసిన నెలలోనే ఆవిడ ప్రాజెక్టు వేరేవాళ్ళకి ఇచ్చేశారు, ఆవిడ పనిలో ఏ లోటూ లేకుండానే. అందుకని మీ చెల్లి పేరు, ఫోటో పోస్టర్ మీద వేసే ముందు ఆమెని కూర్చోబెట్టి అడగండి, వద్దంటే ఇంకో మాట మాట్లాడకండి. నేను అడిగినప్పుడు అక్క, "ఫోటో వేసుకో, కానీ పాపం అని మాత్రం ఎక్కడా రాయకురా" అంది. ఇప్పటికీ పోస్టర్లు అక్కే దిద్దుతుంది.

పోస్టర్లు, టీషర్టులు తెలుగులో వేయించండి. ఇది నా గట్టి మాట. మొదట్లో అందరూ ఇంగ్లీషులో నినాదాలు రాయిద్దామన్నారు, అక్క ఒప్పుకోలేదు. వీపు మీద పెద్ద అక్షరాలతో "ఒక కన్ను మసకా? కాళ్ళు తిమ్మిరా? నడకలో తూలా? తగ్గి మళ్ళీ వస్తోందా? నరాల డాక్టరుకి చూపించండి" అని రాయించాం. ఎస్.కోటలో టీ తాగుతుంటే కొట్టు నడిపే ఆవిడ వీపు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, "ఏటి బాబూ, మా కోడలికి అచ్చం ఇలాగే, నరాల బలహీనతన్నారు, రెండేళ్ళ నుంచి బలం సూదులు ఏయిస్తన్నాం" అంది. ఫైలు తీసుకురమ్మంటే లోపల్నుంచి బట్టల షాపు సంచీలో పెట్టిన చీటీలన్నీ తెచ్చింది, అందులో ఒక్క న్యూరాలజిస్టు చీటీ కూడా లేదు. మేం జబ్బు పేరు చెప్పలేదు, మీరూ ఎప్పుడూ చెప్పొద్దు, ఎందుకంటే బి12 తక్కువైనా తిమ్మిర్లు వస్తాయి, ఇలాంటి లక్షణాలే ఉన్న వేరే జబ్బులున్నాయి. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉందని, ఫలానా రోజు వస్తే మేం తోడుంటామని చెప్పి నంబరు రాసిచ్చాం. వచ్చారు. ఒక యాత్రకి ఇలాంటి ఇల్లు ఒకటి దొరికినా నా లెక్కలో అది విజయమే.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లీరోసిస్ ఉంది. ఈ ముక్క కూడా కరపత్రంలో వేయండి. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి వెళ్ళొచ్చని, వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే కొన్ని సౌకర్యాలు వస్తాయని చాలా ఇళ్ళల్లో తెలియదు.

మీ చెల్లి కూడా తొక్కొచ్చా అని చివర్లో అడిగారు. ఒకప్పుడు ఎంఎస్ ఉన్నవాళ్ళని కదలకుండా విశ్రాంతి తీసుకోమనేవారు, ఇప్పుడు డాక్టర్లే తగిన వ్యాయామం చేయమంటున్నారు. ఆమె డాక్టరుని అడిగి, ఇంట్లో కదలని సైకిల్ మీద పది నిమిషాలతో మొదలుపెట్టమనండి, ఫ్యాను కింద. అక్క రోడ్డు మీద ఒంటరిగా తొక్కదు, బ్యాలెన్స్ కుదరదు. ఇద్దరు తొక్కే టాండెం సైకిల్ మీద వెనక సీట్లో కూర్చుంటుంది, ముందు నేను. మెడ చుట్టూ తడి తువ్వాలు, బండిలో ఐస్ డబ్బా. అలసట వచ్చిందంటే మాటల్లేవు, వెంటనే ఆపాలి. ఎంఎస్ అలసట మనకి పని చేసి వచ్చే అలసట లాంటిది కాదు, "ఇంకొక్క కిలోమీటరే కదా" అని ఉత్సాహపరచడం వాళ్ళకి సాయం చేసినట్టు కాదు. ఆగిన చోటే ఆటో ఎక్కిస్తాం, భీమిలిలో టిఫిన్ దగ్గర అందరం కలుస్తాం.

యాత్ర అయిన వారంలోపు లెక్క బయటపెట్టండి: ఎంత వచ్చింది, ఏ ఫిజియోకి ఎంత కట్టాం, ఏ షాపులో వాకర్ కొన్నాం, బిల్లులతో సహా, సాయం అందుకున్నవాళ్ళ పేర్లు లేకుండా. రెండో ఏడు మమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ లెక్క చూసి ఇచ్చినవాళ్ళే. పోలీసులకి ముందుగా ఇవ్వాల్సిన అర్జీ నమూనా, తెలుగు కరపత్రం నా దగ్గరున్నాయి, కావాలంటే కింద అడగండి, పెడతాను. డిసెంబర్‌లో పెట్టుకుంటే భీమిలి దాకా మేమూ వస్తాం.