లైబ్రరీకి చిక్కని పీక్

ప్రశ్న: బూజు పట్టిన శెనక్కాయ గింజల సారాన్ని ఎల్‌సీ-ఎంఎస్‌లో (పదార్థాలను విడదీసి అణువుల భారం కొలిచే యంత్రం) పాజిటివ్ మోడ్‌లో (అణువుకు ప్రోటాన్ లాంటిది అతికించి ధన చార్జి ఇచ్చే పద్ధతి) నడిపాం. 5.8 నిమిషాల దగ్గర 335.0528 భారం చూపే పీక్ పెద్దగా వచ్చింది. ప్రోటాన్ భారం తీసేసి 334.0455తో వెతికితే లైబ్రరీలో (తెలిసిన పదార్థాల వివరాల పట్టిక) ఏదీ కుదరలేదు. విరగ్గొడితే ముక్కలూ సరిగా రాలేదు. ఇది కొత్త పదార్థమేనా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: కొత్తదని సంబరపడకముందు అదే 5.8 నిమిషాల స్పెక్ట్రమ్‌లో 313.07 ఉందేమో చూడండి, ఎంత చిన్నదైనా సరే. ఉంటే రెంటికీ తేడా 21.982. అంటే ప్రోటాన్ బదులు సోడియం అతుక్కుందన్నమాట. మీరు తీసెయ్యాల్సింది 1.0073 కాదు, 22.9892. మిగిలేది 312.0636. అఫ్లాటాక్సిన్ బి1 అనే బూజు విషం (కార్బన్ 17, హైడ్రోజన్ 12, ఆక్సిజన్ 6) లెక్క 312.0634. కాయ ఊరేవేళ వాన ముఖం చాటేస్తే దాన్ని తయారుచేసే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేలోనే పట్టుకుంటుంది కాబట్టి మీ జిల్లా గింజల్లో ఇది వింతేమీ కాదు.

ముక్కలు రాకపోవడానికీ సోడియమే కారణం. చార్జిని తన దగ్గరే ఉంచుకుని అణువును సులువుగా విరగనివ్వదు. 313.0707ను ఎంచుకుని విరగ్గొట్టండి. 285.0757, 241.0495 రావాలి. మొదటిది కార్బన్ మోనాక్సైడ్ ఊడిపోగా మిగిలిన ముక్క.

313 మరీ బలహీనంగా ఉంటే మొబైల్ ఫేజ్‌లో (సారాన్ని కాలమ్ గుండా మోసుకెళ్లే ద్రావకం) లీటరు నీటికి అమ్మోనియం ఫార్మేట్ 0.315 గ్రాములు (5 మిల్లీమోలార్), ఫార్మిక్ ఆసిడ్ 1 మి.లీ. కలపండి. సోడియం జోరు తగ్గుతుంది. మొబైల్ ఫేజ్ సీసాలను సబ్బుతో కడిగే అలవాటుంటే మానుకోండి, సగం తంటా సబ్బులోని సోడియంతోనే.

ఐసోటోప్ పీక్ (బరువైన కార్బన్-13 వల్ల ఒక యూనిట్ ఎక్కువ భారంతో వచ్చే పక్క పీక్) కూడా చూడండి. 17 కార్బన్లకు పక్క పీక్ దాదాపు 18–19 శాతం ఉండాలి. డిటెక్టర్ నిండిపోతే ఈ నిష్పత్తి చెడుతుంది, సారాన్ని పది రెట్లు పలచన చేసి మళ్లీ నడపండి.

గింజలు వెయ్యకుండా అవే ద్రావకాలతో బ్లాంక్ చేశారా? మీ ప్రశ్నలో ఆ ఊసే లేదు. అందులో 391.2843 కనిపిస్తే అది ప్లాస్టిక్ నుంచి దిగిన థాలేట్, గింజది కాదు.

ఇంతా చేసినా అది 'కావచ్చు' మాత్రమే. ఉదాహరణకు అఫ్లాటాక్సిన్ జి1, ఎం1 వేర్వేరు పదార్థాలైనా వాటి ఫార్ములా ఒక్కటే, భారం చూసి విడదీయలేం. బి1 స్టాండర్డ్‌ను (శుద్ధమైన బి1 నమూనా) అదే కాలమ్‌పై నడిపితే సమయమూ ముక్కలూ రెండూ కలవాలి. తర్వాత మీ సారంలోనే కొంచెం స్టాండర్డ్ కలిపి చూడండి: పీక్ రెండుగా చీలకుండా ఎత్తు పెరిగితే అప్పుడు పేరు రాయండి. స్టాండర్డ్ తాకేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి.