చుట్టుకొలత, వైశాల్యం తెలిస్తే పొడవు, వెడల్పు ఎలా కనుక్కోవాలి?

దీర్ఘచతురస్రం చుట్టుకొలత, వైశాల్యం మాత్రమే తెలిస్తే పొడవు, వెడల్పు బీజగణితంతో ఎలా రాబట్టాలి, అసలిది బయట ఎక్కడైనా పనికొస్తుందా అని అడిగారు. నాకు ఒకసారి పనికొచ్చింది. కాకపోతే ముందు పరువు తీసింది.

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర పల్లెటూరు. ఊళ్లో ఉన్న ఖాళీ స్థలానికి ప్లాను గీయించాలి, నేనేమో హైదరాబాదులో. దస్తావేజు జిరాక్సులో 200 గజాలు అని ఉంది. అసలు కాగితాన్ని చెదలు తినేయడంతో కొలతలు రాసిన చోట జిరాక్సులో నల్లమచ్చే మిగిలింది. నాన్నకి ఫోన్ చేస్తే, "చుట్టూ ఒక వరస ముళ్లతీగకి 172 అడుగులు పట్టింది, నాకంతే తెలుసు" అన్నారు. రాత్రి పదింటికి టేపు పట్టుకుని కొబ్బరిచెట్ల మధ్యకి వెళ్లమనలేను కదా.

ఇక్కడ గజం అంటే చదరపు గజం, అంటే 9 చదరపు అడుగులు. కాబట్టి 1800 చదరపు అడుగులు. పొడవు 'ప' అనుకుని, వెడల్పు 172 − ప అని రాసేశాను. దాదాపు 161 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు వచ్చాయి. నాన్నకి చెప్తే, "ఏటిరా, మనది స్థలమా, సందా? అందులో రైలుపెట్టి పెడతావేటి?" అని ఒకటే నవ్వు.

172లో పొడవూ రెండుసార్లు, వెడల్పూ రెండుసార్లు ఉన్నాయి. ముందు సగం చేయాలి: 86. అప్పుడు ప(86 − ప) = 1800, అంటే ప² − 86ప + 1800 = 0. కూడితే 86, గుణిస్తే 1800 వచ్చే సంఖ్యలు 50, 36.

అవి వెంటనే తట్టకపోతే నాకు నచ్చిన దారి ఇంకోటుంది. 86లో సగం 43. పొడవు 43 కంటే ఎంత ఎక్కువో వెడల్పు అంతే తక్కువ. ఆ తేడా 'త' అయితే (43 + త)(43 − త) = 1800. అంటే 1849 − త² = 1800, త² = 49, త = 7. అంటే 43 + 7 = 50, 43 − 7 = 36. వర్గసమీకరణ సూత్రం గుర్తులేకపోయినా పనైపోయింది. పైగా 172 అడుగుల తీగతో చుట్టగలిగే దీర్ఘచతురస్రాల్లో పెద్దది 1849 చదరపు అడుగులదే అని కూడా తెలిసిపోతుంది. దస్తావేజులో 210 గజాలని ఉండుంటే (1890) త² ఋణసంఖ్య అయ్యేది, అంటే ఏదో ఒక కొలత తప్పన్నమాట.

ఒక్క జాగ్రత్త. తీగ 173 అడుగులని చెప్పుంటే జవాబు 51.65, 34.85 అయ్యేది. ఒక్క అడుగు పొరపాటుకి పొడవు అడుగున్నర పైనే మారిపోతుంది. స్థలం చతురస్రానికి దగ్గరయ్యేకొద్దీ ఈ గొడవ ఎక్కువ.

మర్నాడు నాన్న టేపుతో కొలిస్తే పొడవు 50 అడుగుల మీద రెండంగుళాలు వచ్చింది. 50, 36 అడుగుల స్థలానికి మూలలు లంబకోణాలైతే, మూల నుంచి ఎదురు మూలకి ఎటు కొలిచినా 61 అడుగుల 7 అంగుళాలు రావాలి. మాకు రెండింటికీ నాలుగంగుళాల తేడా, మూలలు సరిగ్గా లేవు. ప్లాను గీసే అతనికి చివరికి టేపు కొలతలే పంపాను.