మా అమ్మాయి పాత కోడ్ బాగుచేస్తూ కూర్చుంటోంది, ఏఐ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. తోటి పిల్లలంతా ఏఐ, డేటా సైన్స్ కోర్సుల్లో చేరిపోయారు. ఈమె మాత్రం ఏడాదిగా టెర్మినల్ మల్టీప్లెక్సర్ అనే ఏదో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లో విండో లేఅవుట్ కోడ్ చూసుకుంటోంది. కొత్తగా ఏం తయారుచేశావమ్మా అంటే ఏమీ లేదు, ఉన్నది పాడవకుండా చూడటమే నా పని అంటుంది. డబ్బులు రావు. రాత్రి రెండింటిదాకా ఆ నల్ల తెరే. మాన్పించడానికి ఈమధ్య ఛార్జర్ దాచేస్తున్నాను. ఆరు నెలల ఏఐ కోర్సులో చేర్పించమంటారా, దీన్నే కొనసాగించనివ్వమంటారా? రెండిటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: సార్, ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఒకరి అబ్బాయి కంపైలర్ అంటాడు, ఇంకొకరి అమ్మాయి ఫాంట్లు సరిచేస్తానంటుంది, మీ ఇంట్లో లేఅవుట్ కోడ్. పేర్లే మారతాయి, అడిగేది మాత్రం ఒకటే: అందరూ పోయే దారిలో మా పిల్ల లేదు, వెనకబడిపోతుందేమో. పోలిక అడిగారు, చేస్తాను. కానీ మీ టెన్షన్ పోలికతో పోయే రకం కాదు, అందుకని ముందు ఆమె ఏం చేస్తోందో చెప్తాను. ఏడాదిగా పక్క గదిలో జరుగుతున్నదాని గురించి మీరు రాసింది "ఏదో ప్రోగ్రామ్" అన్న ముక్క ఒక్కటే. కోపం తెచ్చుకోకండి, ఇంకా కటువుగా కింద చెప్పబోతున్నాను.

టెర్మినల్ మల్టీప్లెక్సర్ అంటే ఒకే తెరలో నాలుగైదు టెర్మినళ్ళు, అంటే కంప్యూటర్‌కి ఆదేశాలు టైపు చేసే కిటికీలు, పక్కపక్కన తెరుచుకోనిచ్చే ప్రోగ్రామ్. 1987 నుంచి ఉన్న గ్నూ స్క్రీన్ ఆ కోవలోదే. 2007లో వచ్చిన టీమక్స్‌ని ఇప్పుడు సర్వర్ల మీద పనిచేసేవాళ్ళు తెగ వాడతారు, అది 2009లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే భాగమైపోయింది. మీ అమ్మాయిది ఏ ప్రాజెక్టో మీరు రాయలేదు, నాకు బాగా తెలిసింది టీమక్స్ కాబట్టి దాంతోనే చెప్తాను. లేఅవుట్ అనగానే మనకు ప్లాట్లు గుర్తొస్తాయి, నిజానికి పెద్ద తేడా లేదు. తెర అనే స్థలాన్ని ముక్కలు చేసి ఎవరి హద్దు ఎక్కడో లెక్క చూడటమే పని. 80 గడుల వెడల్పు తెరని ఎడమ-కుడిగా చీలిస్తే 40, 40 రావు. మధ్యలో గట్టుకి ఒక గడి పోతుంది, 40, 39 వస్తాయి. ఆ ఒక్క గడి ఎవరికి తగ్గించాలి, ముక్కకి పైన పేరు చూపించే వరస పెడితే ఎత్తులో ఒకటి ఎవరి వాటాలోంచి పోవాలి, ఒక ముక్క మూసేస్తే ఖాళీ అయిన జాగా ఏ పక్కవాడికి వెళ్ళాలి... వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. చీలికలో చీలిక వచ్చేసరికి లోపల అదంతా వంశవృక్షంలా తయారవుతుంది, ఒక కొమ్మలో ఒక్క ముక్కే మిగిలితే ఆ కొమ్మని తీసేసి ముక్కని పైకి ఎక్కించాలి, ఎక్కించేటప్పుడు పాత చిరునామా ఎక్కడో పట్టుకుని వేలాడుతుంటే ప్రోగ్రామ్ మొత్తం కూలిపోతుంది, అందులో నడుస్తున్న పనులన్నీ దాంతోపాటే పోతాయి.

ఒక్కటి దగ్గరగా చూపిస్తాను, ఓపిగ్గా చదవండి. 100 గడుల వెడల్పు తెర. ఎడమ ముక్క 79, గట్టు 1, కుడి ముక్క 20. ఇప్పుడు తెరని 50కి కుదించారు. టీమక్స్ ఏం చేస్తుందంటే ఇద్దరి దగ్గరా వంతులవారీగా ఒక్కో గడి తీసుకుంటూ పోతుంది. కుడి ముక్క 19 ఇచ్చేసరికి దాని దగ్గర ఒక్కటే మిగులుతుంది, అంతకంటే తగ్గడానికి లేదు. మిగతా 31 ఎడమదే ఇవ్వాలి. 48, గట్టు, 1. మళ్ళీ తెరని 100కి పెంచండి. చెరో 25 పంచుతుంది. 73, గట్టు, 26. మొదట్లో ఉన్న 79, 20 తిరిగి రాలేదు! ఇది తప్పా, ఒప్పా? నిష్పత్తి ప్రకారం పంచితే బాగుండేదని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అలా పంచితే భాగాహారంలో మిగిలే గడి ఎవరికివ్వాలన్న తగాదా వస్తుంది, పాత కొలతలు గుర్తు పెట్టుకుందామంటే మధ్యలో ఎవరో ఒక ముక్క మూసేశాక ఆ గుర్తుకి అర్థమే ఉండదు. ఏ మందు వేసినా ఇంకెక్కడో వికటిస్తుంది. మీ అమ్మాయి రాత్రి రెండింటిదాకా చూస్తున్న నల్ల తెరలో ఉన్నది ఇలాంటి తగాదాలే అయ్యుండాలి.

పైగా వాడేవాళ్ళు ఊరుకోరు. టీమక్స్‌లో తెర అమరికని ఒక్క వరుస అక్షరాలుగా రాసి దాచుకోవచ్చు. ముందు నాలుగు అక్షరాల చెక్‌సమ్ (రాతలో తప్పు దొర్లిందేమో పట్టించే గుర్తు), తర్వాత ఒక్కో ముక్క వెడల్పు, ఎత్తు, ఎక్కడ మొదలవుతుందో, ఎడమ-కుడి చీలికకి కర్లీ బ్రాకెట్లు, పైన-కింద చీలికకి స్క్వేర్ బ్రాకెట్లు. జనం దాన్ని తమ స్క్రిప్టుల్లో, అంటే వరసగా నడిచే ఆదేశాల ఫైళ్ళలో, ఎప్పుడో అతికించుకుని మర్చిపోయుంటారు. ఇవాళ ఎవరో ఉత్సాహవంతుడు వచ్చి ఈ రాత పద్ధతి అందంగా లేదు, మారుద్దాం అంటే ఆ స్క్రిప్టులన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. అందుకని అలాంటి చోట "వద్దు" అని మర్యాదగా, కారణంతో సహా రాయగలిగిన మనిషి కావాలి. ఇరవై ఏళ్ళ పిల్ల ఆ పని నేర్చుకుంటోందంటే నేనైతే సంతోషిస్తాను.

నాకు ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది లెండి. కౌన్సెలింగ్‌కి రాకముందు కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ఒక రిపోర్టు ప్రోగ్రామ్‌లో చివర ఒక ఖాళీ లైను అచ్చయ్యేది, ఎందుకో ఎవరికీ తెలీదు, చూడటానికి బాలేదని తీసేశాను. తీరా చూస్తే ఇంకో టీమ్ వాళ్ళ ప్రోగ్రామ్ ఆ ఖాళీ లైను కనపడితేనే ఫైలు పూర్తయిందని లెక్క వేసుకుంటోంది. మూడు రోజులు వాళ్ళ పని ఆగింది, నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను. ఎందుకుందో తెలియనిదాన్ని ముట్టుకునే ముందు చరిత్ర తవ్వాలని ఆ దెబ్బతో తెలిసింది. మీ అమ్మాయికి ఆ తవ్వకమే రోజువారీ పని. వెయ్యి మార్పుల్లో ఏ మార్పు దగ్గర తేడా మొదలైందో, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే పనిముట్టులోని బైసెక్ట్ పద్ధతిలో సగం సగం చీల్చుకుంటూ పోతే పది పరీక్షల్లో దొరికిపోతుంది. ఇది పుస్తకంలో ఒక పేరానే, చేతికి రావాలంటే మాత్రం నిజంగా విరిగిన కోడ్ కావాలి.

ఇక మీ ఏఐ కోర్సు. నాకు ఏఐ మీద కోపం లేదు, గణితం మీద ప్రేమ ఉండి, స్టాటిస్టిక్స్ కూర్చుని చదివే పిల్లలకి అది మంచి దారి, వెళ్ళమనే చెప్తాను. నా అనుమానమల్లా ఆ ఆరు నెలల ప్యాకేజీల మీద. ఆ కోర్సులు చేసిన పిల్లలు రెజ్యూమెలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఒకడి ప్రాజెక్టు టైటానిక్‌లో ఎవరు బతికారో చెప్పడం, 891 మంది ప్రయాణికుల పట్టిక. రెండోవాడిది చేత్తో రాసిన అంకెలు గుర్తుపట్టడం, ఎమ్‌నిస్ట్ అనే బొమ్మల కట్ట, శిక్షణకి 60,000 బొమ్మలు, పరీక్షకి 10,000. మూడోవాడిది ఐరిస్ పూలు, 150 పూల కొలతలు, 1936లో ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ పండితుడు వాడిన పట్టికే. మూడూ నేర్చుకోవడానికి మంచివే, కాదనను. కానీ ముగ్గురినీ ఒకే ప్రశ్న అడుగుతాను: "ఈ మోడల్ తప్పు చెప్పినప్పుడు ఎందుకు చెప్పిందో ఎలా వెతికావు?" చాలామంది తల దించుకుంటారు. డేటా శుభ్రంగా వచ్చింది, కోడ్ కోర్సువాళ్ళు ఇచ్చారు, రన్ నొక్కితే నడిచింది. ఏదీ విరగలేదు కాబట్టి ఏదీ వెతకలేదు, పాపం పిల్లల తప్పు కూడా కాదు.

ఇంకో మాట. ఏఐ కోడ్ రాసేస్తోంది కదా, ఇక ఈ పాత పని ఎవరికి కావాలి అని ఈమధ్య తల్లిదండ్రులందరూ అడుగుతున్నారు. నాకు దీని మీద నిక్కచ్చి జోస్యం చెప్పే ధైర్యం లేదు. అయితే కోడ్ రాయడం తేలికయ్యేకొద్దీ వచ్చిపడే కోడ్ పెరుగుతుంది, అది చదివి, ఇది ఫలానా అరుదైన సందర్భంలో తెరని చెడగొడుతుంది అని పట్టుకోగల కన్ను అంతకంతకీ అవసరమవుతుందని నా లెక్క. ఆ కన్ను కూడా ఆరు నెలల్లో రాదు.

ఇప్పుడు మీ వంతు. ఆమెని "కొత్తగా ఏం చేశావు" అని అడిగారు, "ఏమీ లేదు" అని ఆమె నిజం చెప్పింది, మీరు దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నారు. తోటి పిల్లలు చేరారు అన్నది ఒక కారణమేనా సార్? ఆ తోటి పిల్లల తల్లిదండ్రులు కూడా నాకు ఇదే రాస్తున్నారు, వాళ్ళ భయానికి సాక్ష్యం మీ భయం, మీ భయానికి సాక్ష్యం వాళ్ళది. పిల్ల చెడు తిరుగుళ్ళు తిరగట్లేదు, ముక్కూ మొహం తెలియని పదిమంది పెద్దవాళ్ళతో రాతపూర్వకంగా వాదించి, ఒప్పించి, ఒప్పుకుని పని చేస్తోంది. దీన్ని మాన్పించడానికి డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి.

అలాగని ఇందులో లోపాలు లేవని కాదు. లేఅవుట్ కోడ్ చూసుకునే ఉద్యోగం అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. పది మందిని వడకట్టే మొదటి ఇంటర్వ్యూలో అడిగేవాడికి టెర్మినల్ మల్టీప్లెక్సర్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. కాబట్టి తను చేసినవాటిలో మూడు ఎంచుకుని, ఒక్కోటి సమస్య ఏమిటి, ఎలా వెతికింది, ఏం వదులుకోవాల్సి వచ్చింది అని రెండేసి నిమిషాల్లో మీకు అర్థమయ్యేలా చెప్పడం ప్రాక్టీస్ చేయాలి. అవును, మీకే. మీకు అర్థమైతే ఇంటర్వ్యూ చేసేవాళ్ళకీ అవుతుంది. నెట్‌వర్క్స్, డేటాబేస్ సబ్జెక్టులు పక్కన పడేస్తోందేమో కనుక్కోండి, ఈ రకం పిల్లల్లో అది నేను తరచూ చూసే జబ్బు. తను చేసిన మార్పుకి టెస్టు, అంటే అది సరిగా నడుస్తోందో చూసే చిన్న కోడ్, రాయకుండా పంపే అలవాటుంటే ఇప్పుడే మానాలి. ఏడాదంతా ఒక్క ఫైలు చుట్టూనే తిరుగుతుంటే పక్కనున్న ఇంకో భాగం, ఇన్‌పుట్ చదివేదో తెరమీద గీసేదో, అందుకోమనండి.

పోలిక మాట మర్చిపోలేదు. కోర్సుకి పరిధి ఉంటుంది, సర్టిఫికెట్ ఉంటుంది, చెప్పుకోవడం తేలిక, దాంతో వచ్చేవాళ్ళూ లెక్కలేనంతమంది. ఈ పనికి సర్టిఫికెట్ లేదు, ఎవరైనా తెరిచి చూసుకోగల చరిత్ర ఉంది, దాన్ని చదివించుకునే భారం ఆమెది. బ్రౌజర్లు, డేటాబేస్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, డెవలపర్ల పనిముట్లు తయారుచేసే చోట ఆ చరిత్ర బాగా చెల్లుతుంది, మిగతా చోట్ల తక్కువ. ఆమెకే ఏఐ నేర్చుకోవాలనుంటే సెలవుల్లో నేర్చుకుంటుంది, ఇప్పుడు ఎవరూ తలుపులు మూయట్లేదు. మీకోసం మాత్రం చేర్చకండి.

ఛార్జర్ ఇచ్చేయండి. రాత్రి రెండింటిదాకా మేలుకోవడం నాకూ ఇష్టం లేదు, పన్నెండుకి లేవమని గట్టిగానే చెప్పండి. పని మధ్యలో ఉంది అంటే వినకండి, ఈ ప్రోగ్రామ్‌లలో డిటాచ్ అని ఒకటుంది, తెర వదిలి వెళ్ళిపోయినా లోపల పని అలాగే ఉంటుంది, పొద్దున్నే అటాచ్ అయితే వదిలిన చోటే దొరుకుతుంది, అది ఆమెకి మీకంటే నాకంటే బాగా తెలుసు. బ్యాటరీ అయిపోయి మెషీన్ ఆగిపోతే మాత్రం లోపల నడుస్తున్నదేదీ మిగలదు. మీరు ఛార్జర్ దాచిన రాత్రుల్లో జరిగింది అదే.