ముడత ఎటు తిరిగిందో చూశాకే మందు

ప్రశ్న: నమస్తే సార్. మాది నర్సంపేట దగ్గర. రెండెకరాల మిరప పెట్టినం. ఆకులు ముడుచుకుపోయి చెట్లు గిడసబారుతున్నాయి. ఆకు కదిపితే తెల్లదోమ లేస్తోంది. దుకాణంలో ఇచ్చిన మూడు మందులు కలిపి కొట్టినా తగ్గలేదు. ఇంకేం కొట్టాలి?

జవాబు: అన్నా, ఇంకో డబ్బా కొనే ముందు చేన్లోకి పోయి ముడత ఎటు తిరిగిందో చూడండి. అంచులు పైకి లేచి ఆకు పడవలా ఉంటే తామర పురుగు. అంచులు కిందికి తిరిగి, ఆకు కాడ పొడుగ్గా సాగితే నల్లి, అది సాలీడు జాతిది, ఎనిమిది కాళ్లుంటాయి, దోమకు కొట్టే మందులు చాలావరకు దాన్ని ఏమీ చేయలేవు. అలా కాకుండా ఆకులు చిన్నవై, ఈనెలు లావెక్కి, కొమ్మ చివర్లు గుబురుగా మారి పూత ఆగిపోతే అది బొబ్బర రోగం, అంటే జెమినీ వైరస్. మీరు రాసిన దాన్ని బట్టి నాకు దీని మీదే అనుమానం.

ఈ వైరస్‌ను చెట్టు నుంచి చెట్టుకు మోసేది తెల్లదోమే. రోగమున్న చెట్టు రసం పీల్చిన దోమ ఆ తర్వాత వాలిన చెట్లకల్లా అంటిస్తూ పోతుంది. సోకిన చెట్టును మళ్లీ బాగుచేసే మందు ఏ దుకాణంలోనూ లేదు, ఎవరైనా ఉందని అమ్మితే నమ్మి అప్పు చేయకండి. అలాంటి చెట్లను పీకి దూరంగా కాల్చేయండి, గట్ల మీద కలుపు తీసేయండి, పసుపు రంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తులో కట్టండి. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టాలి, ఎందుకంటే దోమ, దాని పిల్లలు, గుడ్లు అన్నీ అక్కడే ఉంటాయి. పైపైన కొడితే డబ్బులు దండగ. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు పదేపదే వాడితే దోమను తినే పురుగులు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది. రసాయన మందు తప్పదనుకుంటే సోకిన కొమ్మ పట్టుకెళ్లి మీ ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చూపించి ఒక్క మందే రాయించుకోండి. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మన వైపు రైతులు ఏది దొరికితే అది కలిపి కొట్టారు, ఆ పురుగేమో పూతలో దూరి కూర్చుంది, పెట్టుబడి పోయింది, ఆ బాధ మళ్లీ చూడలేం.

వచ్చే ఏడాదికి నారుమడి మీద సన్నని నైలాన్ వల కప్పండి, చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయండి.

ప్రశ్న: హన్మకొండలో మా మిద్దె మీద చిక్కుడు తీగకు నల్లటి పేనుబంక పట్టింది, చీమలు కూడా చేరాయి. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, టెన్షన్ వద్దు. పైపుతో నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది, మరీ ముద్దగా పట్టిన చివుర్లు తుంచేయండి. పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసమే చీమలు వస్తాయి, పేనుబంకను తినడానికి వచ్చే పురుగులను కూడా అవే తరిమేస్తాయి, కాబట్టి తీగ మొదట్లో చీమలు ఎక్కకుండా చూసుకోండి. నల్లగా, నారింజ మచ్చలతో, ముళ్లముళ్లగా ఒక చిన్న పురుగు కనిపిస్తే మాత్రం చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకే దాని తిండి.